పద్నాలుగు గళ్ల పెట్టె

మద్రాసులో కర్ణాటక కచేరీల కాలమైన డిసెంబరు వచ్చేసరికి మా ఇంట్లో రెండు జాబితాలు తయారవుతాయి. ఒకటి మా ఆయనది. ఏ సభలో ఎవరి కచేరీ, ఏ క్యాంటీన్లో ఏ పూట ఏం దొరుకుతుంది. రెండోది మా పెద్దాడిది. ఈ ఏడాది వచ్చిన ఎలక్ట్రానిక్ సంగీత యంత్రాల్లో ఏది గొప్పది, దాన్ని మనం ఎందుకు కొనాలి. వాడికి 13 ఏళ్లు. జేబులో డబ్బుల్లేవు కాబట్టి అభిప్రాయాలకు కొదవ లేదు.

2025 జాబితాలో వాడు ఫస్ట్ ర్యాంకు ఇచ్చింది రోలాండ్ వాళ్ల టీఆర్-1000కి. నలభై ఏళ్ల తర్వాత ఆ కంపెనీ మళ్లీ అసలైన అనలాగ్ డ్రమ్ మెషీన్ చేసిందని వాడి సంబరం. 1980లో వచ్చిన టీఆర్-808, 1983లో వచ్చిన టీఆర్-909ల సర్క్యూట్లను మళ్లీ కట్టి, పైన శాంప్లర్ కూడా, అంటే శబ్దాల్ని రికార్డు చేసుకుని మీటల మీద వాయించుకునే వసతి, తగిలించారట. ఆ 808 మార్కెట్లో ఉన్నది మూడేళ్లే. తయారైనవి 12 వేలు, అటూ ఇటూగా. నిజం డ్రమ్స్‌లా మోగడం లేదని అప్పట్లో చాలామంది పక్కన పెట్టేశారు. తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతోందని కుర్రాళ్లు కొనుక్కుని, హిప్ హాప్‌నీ టెక్నోనీ దానిమీద కట్టారు. ఇదంతా నేను వంటింట్లో పిండి రుబ్బుతూ విన్న చరిత్ర. అమెరికాలోనే ధర 2,600 డాలర్ల పైమాట అని వాడు చెప్పగానే గ్రైండర్ స్పీడ్ పెంచాను.

మాది భీమవరం దగ్గర. ఉద్యోగాల కోసం మద్రాసు వచ్చి పెరుంగుడిలో స్థిరపడ్డాం. ప్రవాసం అంటే విమానం ఎక్కినవాళ్లదే అన్నట్టు మాట్లాడతారు గానీ, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఊళ్లో ఉండేంత దూరంలో కూడా పిల్లలు వేరే నేల మీదే పెరుగుతారు. మావాడు స్నేహితులతో తమిళం, టీచర్లతో ఇంగ్లీషు, చెల్లెలితో దెబ్బలాటకి తెలుగు. మృదంగం క్లాసు మొత్తం తమిళంలోనే. చిన్నది పాట నేర్చుకుంటోంది. దాని పుస్తకంలో త్యాగరాజ కీర్తనలు తమిళ లిపిలో ఉంటాయి. క ఏదో గ ఏదో తెలియడానికి అక్షరాల పక్కన చిన్న చిన్న అంకెలు వేస్తారు. చాలా రోజులు అది వాటిని సంస్కృతం అనుకుంది. ఫోన్లో విని వాళ్ల తాతయ్య తల పట్టుకున్నారు.

పెద్దాడి జాబితాలో రెండోది ఈపీ-40. చేసేది స్టాక్‌హోమ్‌లోని టీనేజ్ ఇంజనీరింగ్. జమైకా వాళ్ల రెగ్గే, డబ్ సంగీతం కోసం చేసిన బుల్లి శాంప్లర్. దాంతో పాటు ఆడుకోవడానికి ఓ చిన్న మైకు కూడా తెచ్చారు. ఇదే పెట్టె 2023లో ఈపీ-133గా వచ్చింది. 2024లో ఈపీ-1320 అని పేరు మార్చుకుని మధ్యయుగాల యూరప్ అయింది. పైన లాటిన్ మాటలు, లోపల కత్తుల చప్పుళ్లు, చర్చి గానాలు. 2025కి జమైకా. మా ఊరికి వచ్చే పగటివేషగాళ్లలా మనిషి ఒకడే, వేషం మారుతుంది. చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. చిన్నది అడిగింది, "మనది ఎప్పుడొస్తుందన్నయ్యా?" అని.

"వస్తే అందులో సితారు పెడతారు, తబలా పెడతారు, ఓ గుడిగంట పెడతారు. నా మృదంగం ఉండదు" అన్నాడు వాడు.

వాడి మాటలో వెటకారం ఉంది గానీ అబద్ధం లేదు. 'ఇండియన్ ప్యాక్' అని అమ్మే శబ్దాల మూటలు వాడు నాకు వినిపించాడు. ఒక ఆడగొంతు 'ఆ' అని సాగదీస్తుంది, సితారు జారుతుంది, తబలా ఉరుకుతుంది. అన్నీ నాలుగు దెబ్బల లెక్కలోకి ముందే కోసి పెట్టినవి. ఏది తీసుకుని ఎక్కడ అతికించినా అతుక్కుంటుంది. అలా అతుక్కోవడానికే చేశారు మరి. కొత్త సంగతేం కాదు. 1982లోనే బొంబాయి సినీ సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ వాళ్ల యంత్రాలు 808, 303, జూపిటర్-8 ముందేసుకుని పది రాగాలు రికార్డు చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ముక్కు మీద వేలేసుకుంది. అద్భుతమైన పని. కానీ అందులో కూడా రాగం మనది, తాళం మాత్రం డిస్కోది.

మా కాంప్లెక్సులో తెలుగువాళ్లం ఉగాది చేస్తాం. నేను కమిటీలో ఉన్నాను కాబట్టి ధైర్యంగా అంటున్నాను, అది కూడా ఒక ప్యాకే. మగపిల్లలకి పంచె, ఆడపిల్లలకి పట్టు పరికిణీ, మైకు ముందు ఒక పద్యం, ఫొటో, పులిహోర. మర్నాడు పంచె అటక మీదకి. ఆ సాయంత్రం మీద నాకు కోపమేం లేదు, పులిహోర నిజంగా బాగుంటుంది. కాకపోతే పిల్లలకి మనం ఇచ్చేదంతా అలా నాలుగు నిమిషాల్లోకి కోసి పెట్టిన ముక్కలే అయితే, వాళ్లు వాటితో చేయగలిగింది కూడా అతికించడమే.

ఇంతకీ ఈ ఏడాది మా ఇంటికి వచ్చిన పెట్టె జాబితాలో లేదు. ఎలెక్ట్రాన్ కంపెనీ డిజిటాక్ట్ 2 అనే శాంప్లర్. 2024లో వచ్చింది, ఇప్పటికి పాతదే. ఇదీ స్వీడన్‌దే, గోథెన్‌బర్గ్‌లో చేస్తారు. చలికాలంలో ఆ దేశంలో వేరే పని ఉండదనుకుంటా. కొత్తది కొనే మాటే లేదు. ఇంకేదో కొనుక్కుందామని బెంగళూరులో ఒక సంగీతకారుడు దీన్ని అమ్మేస్తుంటే, తాతయ్య ఇచ్చిన పండగ డబ్బులకి నా బోనస్ కలిపి తెచ్చాం. పెట్టెలో పెట్టి ఇచ్చిన శబ్దాల్లో మన దేశానివేమైనా ఉన్నాయా అని మావాడు వెతకనైనా వెతకలేదు. మొదటి సాయంత్రమే తన మృదంగానికి మైకు పెట్టాడు.

మృదంగం ఎడమ పక్క తొప్పికి తడి రవ్వ ముద్ద పెడతారని తెలిసిందే కదా. మా ఇంట్లో ఉప్మాకీ దానికీ ఒకటే డబ్బా. ముద్ద పెట్టకముందు తొప్పి శబ్దం ఒకసారి, పెట్టాక ఒకసారి, కొంచెం గీకి తీసేశాక ఇంకోసారి రికార్డు చేశాడు. అదే చేత్తో మీటలు నొక్కాడు. ఇప్పటికీ ఆ పెట్టె మూలల్లో రవ్వ ఉంది. పళ్లు తోముకునే బ్రష్‌తో తీయిస్తున్నాను.

ఈ పెట్టె ముందు భాగాన 16 మీటలుంటాయి, ఎనిమిదేసి చొప్పున రెండు వరసలు. ఒక్కో మీట ఒక్కో గడి. ఏ గడిలో దెబ్బ పడాలో ఆ మీట నొక్కి వదిలేస్తే, దీపం గడి గడికీ పరిగెడుతూ అక్కడికి రాగానే కొడుతుంది. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. గడికి అరక్షరం లెక్కేస్తే 16 గళ్లకి ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, నిండుగా సరిపోతుంది. ఈ యంత్రాలన్నిటికీ ఆ పదహారు అమ్మభాష లాంటిది. మిశ్రచాపు అనే తాళానికి ఏడక్షరాలు కాబట్టి 14 గళ్లు కావాలి. డిజిటాక్ట్‌లో ఏ ట్రాకుకి, అంటే ఒక్కో శబ్దం నడిచే వరసకి, ఆ ట్రాకు పొడవు విడిగా పెట్టుకోవచ్చు, 128 గళ్ల దాకా. మావాడు ఒక ట్రాకు పదహారుకే వదిలేసి, రెండోదాన్ని 14 చేశాడు. చివరి రెండు మీటలు ఆరిపోయాయి. ఒకటి, ఏడు, పదకొండు గళ్లలో దెబ్బలు వేశాడు. తకిట తక ధిమి.

ఆ రోజు వాద్యార్, అంటే వాడి మృదంగం గురువుగారు, మా ఇంట్లోనే కాఫీ తాగుతున్నారు. నంగనల్లూరు నుంచి వస్తారు. మితభాషి, యంత్రాలంటే చిరాకు. గ్లాసు కింద పెట్టి, తొడ మీద వేళ్లతో లెక్క వేస్తూ, "ఎంగేయో ఇడిక్కుదు" అన్నారు. ఎక్కడో కొట్టుకుంటోంది అని. మావాడు ఒప్పుకోలేదు. మెషీన్ లెక్క తప్పదు సార్ అన్నాడు. ఆయన ఇంకోసారి విన్నారు. నాలుగు ఆవర్తనాలు సరిగ్గా పోతున్నాయి, అయిదోది సగంలో విరిగి మళ్లీ మొదటికొస్తోంది అన్నారు. తర్వాత మావాడితో, "మెషిన్ తప్పు పణ్ణలె, నీ దాన్ సొల్లలె" అన్నారు. అది తప్పు చేయలేదు, నువ్వే దానికి చెప్పలేదు.

అక్కడికి మాన్యువల్ బయటికి వచ్చింది. ట్రాకుల పొడవులు వేరుగా ఉన్నా, అన్నిటినీ ఎన్నో గడి దగ్గర మళ్లీ మొదటికి లాగాలి అని ఒక సెట్టింగు విడిగా ఉంది. అది 64 దగ్గర ఉంది. పద్నాలుగు నాలుగులు 56 పోగా, అయిదో ఆవర్తనం ఎనిమిది గళ్లు నడిచి తెగిపోతోంది. వాద్యార్ చెవికి తగిలింది సరిగ్గా అదే. దాన్ని అనంతానికి మార్చాక ఆదితాళం దారి దానిది, మిశ్రచాపు దారి దానిది. మళ్లీ రెండూ ఒకే గడిలో కలిసేది 112 దగ్గర. మావాడు ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచేలోపే ఆయన, "ఏళు ఆది, ఎట్టు చాపు" అనేశారు. ఏడు ఆది ఆవర్తనాలు, ఎనిమిది చాపులు. వేగం నిమిషానికి 120 దెబ్బలు, దెబ్బకి నాలుగు గళ్లు పెడితే 14 సెకన్లకోసారి ఆ కలయిక వస్తుంది. కలిసిన ప్రతిసారీ ఆయన చెయ్యి టీపాయ్ మీద పడింది. రెండో కాఫీ అడిగారు. మా ఇంట్లో ఆయన అలా అడగడం నేను చూడలేదు.

గోథెన్‌బర్గ్‌లో ఆ వసతి పెట్టిన ఇంజనీర్లు మిశ్రచాపు కోసం పెట్టలేదు. టెక్నో వాయించేవాళ్లకి కూడా ఒకదాని మీద ఒకటి జరుగుతూ పోయే లయలంటే మోజు, వాళ్ల కోసం పెట్టారు. అయినా 'ఇండియా' అని రాసి ఉన్న ఏ ప్యాకూ చేయలేని పని అది చేసింది. అందుకే మా ఇంటి వరకు ఈ ఏటి మేటి పెట్టె ఇదే అంటాను.

తాతయ్యకి వీడియో కాల్‌లో వినిపిస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "గమకం పలుకుతుందిట్రా?" అని. స్వరం ఊగుతూ, జారుతూ పలకడమన్నమాట. మా నాన్నగారిది పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ మీద పెంచుకున్న చెవి. ఐదు ఒంటి తీగలు కట్టిన ఎలక్ట్రిక్ మాండలిన్‌తో ఆ కుర్రాడు మద్రాసు సభల్ని గెలిచాడంటే, మా వైపు అది సొంత తమ్ముడు గెలిచినట్టే. "కరెంటు తప్పు కాదు, జారు రావాలి" అని ఆయన సిద్ధాంతం.

ఆ పరీక్షలో మా పెట్టె ఫెయిల్. చిన్నది తన గొంతుతో 'ని' అని ఒక్క స్వరం రికార్డు చేసి, దాన్నే మీటల మీద పైకీ కిందకీ వాయించి చూసింది. పై స్థాయిలో ఎలకలాగా, కింద దెయ్యంలాగా వచ్చింది. నవ్వీ నవ్వీ, "ఇది పాడదు, ఊరికే పలుకుతుంది" అని వదిలేసింది. జారు పలికించే యంత్రాలు లేకపోలేదు. మద్రాసులోనే కీబోర్డు సత్యనారాయణన్ గారు స్వరాన్ని వంచే పిచ్ బెండ్ చక్రం తిప్పుతూ కర్ణాటక సంగీతం వాయిస్తారు. రెహమాన్ దగ్గర మీటలే లేని కంటిన్యుయమ్ ఉంది, వేలు ఎటు జారితే స్వరం అటు జారుతుంది. ఆస్మోస్ అనే కీబోర్డులో మీటని పక్కకి ఊపినా స్వరం వంగుతుంది. అది పెద్దాడి జాబితాలో ఏటా ఉంటుంది, ఏటా నేను ధర చూసి మాట మారుస్తాను.

చిన్నదానికి ఇవేవీ అక్కర్లేదు. దానికి శ్రుతిపెట్టె చాలు. 5 శ్రుతి పెట్టుకుని కూర్చుంటుంది. నాకు ఆశ్చర్యమేమిటంటే, దశాబ్దాలుగా మన పాట ఇళ్లలో దేవుడి గది పక్కన కూర్చున్న ఎలక్ట్రానిక్ సంగీత యంత్రం అదే, అయినా ఏ ఏటి జాబితాలోనూ దాని పేరుండదు. వేణువు వాయించే ఇంజనీరు జి. రాజ్ నారాయణ్ బెంగళూరులో పెట్టిన రాడెల్ లాంటి కంపెనీలు మన అవసరానికి మన దగ్గరే చేసినవి అవి. ఇప్పుడు చాలామంది ఫోన్లో యాప్‌కి మారిపోయారు. మా చిన్నది మారలేదు. ఫోన్ అయితే మధ్యలో కాల్ వస్తుందిట.

పిల్లలకి ఇలాంటిది కొనాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది కొంచెమే. లోపల ఎన్ని వందల శబ్దాలున్నాయో చూడొద్దు, అవి మన ఇంట్లోనే దొరుకుతాయి. మైకు పెట్టి రికార్డు చేసుకునే వీలుందా, ట్రాకు పొడవు విడివిడిగా మార్చుకోవచ్చా, మార్చాక మధ్యలో మొదటికి లాగకుండా నడవనిస్తుందా, అవి చూడండి. బయటినుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం లెక్క వేసుకోండి, వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే అడగండి. ఇయర్‌ఫోన్స్ మాత్రం మంచివి కొనండి. అపార్ట్‌మెంట్ గోడలు పల్చగా ఉంటాయి, 112 గళ్లు లెక్కపెట్టే ఓపిక పక్కింటివాళ్లకి ఉండదు.

ఇక టీఆర్-1000 సంగతి పదో తరగతి అయ్యాక మాట్లాడదాం అన్నాను. వాడు వెంటనే ఈపీ-40 దగ్గరికి దిగాడు. చిన్నది ఆ మైకు తనకైతే ఒప్పుకుంటానంది. బేరం ఇంకా తెగలేదు. ఈలోగా వాళ్ల నాన్న జాబితాలో ఉన్న కచేరీకి ఆలస్యమైపోయింది, మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం అందుకుంటే చాలని ఆటో పిలుస్తున్నారు.