బియ్యంలో రాసిన నర్సింహ

మా మనవడు నరసింహ జయంతి నాడే పుట్టాడు. వైశాఖ శుద్ధ చతుర్దశి, స్వాతి నక్షత్రం. మిర్యాలగూడలో ఆస్పత్రి వరండాలో మా అమ్మ యాదగిరిగుట్ట దిక్కుకు తిరిగి చేతులెత్తి మొక్కింది. "గుట్ట దేవుడే వచ్చిండు" అంది. అంతే అంది, పేరు మాత్రం అనలేదు.

ఆమె ఆ పేరు అనదు. మా నాయిన పేరు నర్సింహులు. మొగుని పేరు నోట తీయొద్దన్న కాలం మనిషి మా అమ్మ. నాయిన పోయి పన్నెండేండ్లయినా ఆ పేరు ఆమె నోట నేను వినలేదు. చిక్కేమిటంటే ఇంటి దేవుడి పేరూ అదే. అందుకని ఆమెకు స్వామి ఎప్పుడూ 'గుట్ట దేవుడు', 'యాదగిరి సామి', మరీ గండం వస్తే 'ఓ నా తండ్రీ'. భజనలో "లక్ష్మీ..." దాకా పాడి ఆగుతుంది. మిగతాది పక్కన కూర్చున్నవాళ్ళు అందుకుంటారు.

జయంతి నాడు పుట్టినవాడికి వేరే పేరు ఆలోచించే పనేముంది అనుకున్నాం. అయ్యగారు పంచాంగం తీసి నవ్వారు. స్వాతి నాలుగు పాదాలకు అక్షరాలు రూ, రే, రో, తా. 'న' కావాలంటే అనూరాధలో పుట్టాలి. అంటే స్వామి నక్షత్రంలో పుట్టిన పిల్లవాడికి అక్షరం ప్రకారం స్వామి పేరు రాదు! "నక్షత్ర నామం వేరే పెడతాను, పిలిచే పేరు మీ ఇష్టం" అని ఆయనే దారి చూపారు. అందరం సరేనన్నాం. అసలు పంచాయితీ అప్పుడు మొదలైంది. నరసింహ సరే, ఎట్లా రాయాలి?

మావాడు 'నరసింహ' అన్నాడు. కోడలికి 'నృసింహ' కొత్తగా అనిపించింది. వియ్యంకుడు ఎవరో సంఖ్యాశాస్త్రం ఆయనకు ఫోన్ చేసి, ఇంగ్లీషులో చివర ఇంకో 'ఏ' తగిలిస్తే కలిసొస్తుందని కనుక్కున్నాడు. నేను 'నర్సింహ' అన్నాను. "గట్ల రాస్తే ఊరోళ్ళ పేరు లెక్క ఉంటది బావా" అన్నాడు మా బామ్మర్ది. ఆ మాట నాకు తగిలింది.

తగిలింది కాబట్టే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నా వరకు 'నర్సింహ' తప్పు కాదు, అది మా నోటి లెక్క. నరసయ్య నర్సయ్య అయినట్టు, నరసమ్మ నర్సమ్మ అయినట్టు, ఇక్కడ నడిమి అచ్చు జారిపోతుంది. పేరును గబగబా, ప్రేమగా పిలిచేచోట అది జారకుండా నిలవదు. మా జిల్లాలో పుట్టి తెలంగాణ రాష్ట్ర తొలి హోంమంత్రి అయిన నాయిని గారి పేరు పత్రికలు చాలావరకు 'నర్సింహారెడ్డి' అనే అచ్చు వేశాయి. 'ర్సిం' తో రాసినందుకు ఆయన పెద్దరికానికి ఏం తక్కువైంది?

'నర్సింహులు' నాకన్నిటికంటే ఇష్టం. నాయిన పేరని కాదు, సరే, కొంత అందుకే అనుకోండి. కానీ ఆ చివరి 'లు' చూడండి. రాములు, ఆంజనేయులు, వెంకటేశ్వర్లు. అది బహువచనం కాదు, గౌరవం. పొలంలో ఒంటి మీద చొక్కా లేకుండా తిరిగే పిల్లగాడిని కూడా దేవుడి పేరుతో పిలుస్తున్నాం కాబట్టి మర్యాదగా పిలవాలని మన ముందటివాళ్ళు పెట్టుకున్న ఏర్పాటు. 'నర్సయ్య'లో సింహం వెళ్ళిపోయి నరుడు మిగిలాడు. 'సింగయ్య'లో నరుడు వెళ్ళిపోయి సింహం మిగిలింది. ఇద్దరూ ఒకే స్వామి పేరు పెట్టుకున్నవాళ్ళే! 14వ శతాబ్దంలో రాచకొండ నుంచి ఏలిన పండిత ప్రభువు కూడా సింగభూపాలుడే. కొందరు 'శింగ' అని రాస్తారు, సంస్కృతంలో 'సింహ' అంటారు. కొల్లాపూర్ దగ్గర శింగోటంలో స్వామి లింగాకారంలో ఉంటాడు. పేరు నరసింహుడు, రూపం లింగం. ఆ గుడిలో నిలబడితే అక్షరాల గొడవ నాకెప్పుడూ చిన్నదిగా కనిపిస్తుంది.

'నర్సింగ్' అంటే పట్నం గాలి, హిందీ ఉర్దూల సావాసం. దాని మీద నాకు కోపం లేదు. 'నరసిహ్మ' అని రాసేవాళ్ళను చూస్తే మాత్రం చేయి దురద పెడుతుంది. బ్రహ్మలో హకారం కింద మకారం ఉంది, సింహలో లేదు. అయితే పలికేటప్పుడు సున్నా మకారమై 'సిమ్హ' అవుతుంది, ఇంకా వదులైతే 'సిమ్మ'. అటు బ్రహ్మ కూడా ఊళ్ళో 'బ్రమ్మ'నే. రాతలో అంత దూరం ఉన్నా నోట్లో రెండూ ఒకచోటికే చేరతాయి. కాబట్టి చేయి దురదను ఆపుకుంటాను.

ఇక సంఖ్యాశాస్త్రం 'ఏ' గురించి చెప్పడానికేం లేదు. వద్దన్నాను.

శాస్త్రం ఏమంటుందని మావాడు అడిగాడు. వాడు సాఫ్ట్‌వేరు, ప్రతిదానికీ స్టాండర్డ్ ఉండాలంటాడు. సరే, మంత్రమే చూద్దాం రా అన్నాను.

ఉగ్రం వీరం మహావిష్ణుం జ్వలంతం సర్వతోముఖం
నృసింహం భీషణం భద్రం మృత్యుమృత్యుం నమామ్యహం

ఛందస్సు అనుష్టుప్పు. పాదానికి ఎనిమిది చొప్పున 32 అక్షరాలు. మూడో పాదం వేళ్ళ మీద లెక్కపెట్టమన్నాను: నృ, సిం, హం, భీ, ష, ణం, భ, ద్రం. ఎనిమిది. అక్కడ 'నరసింహం' అని పెట్టి చూడు, తొమ్మిదవుతాయి, పాదం తూలుతుంది. సంస్కృతంలో నృ అన్నా నర అన్నా మనిషే, కొలతకు సరిపోయింది కాబట్టి నృ వచ్చింది. విష్ణు సహస్రనామంలో 21వ నామం 'నారసింహవపుః', అక్కడేమో దీర్ఘం. నృ, నర, నార. శాస్త్రంలోనే మూడున్నాయి, ఏది స్టాండర్డ్ చెప్పు అన్నాను. వాడు మాట్లాడలేదు. (బారసాల 21వ రోజు, నామం కూడా 21వది అని మా వియ్యంకుడు సంబరపడ్డాడు. దానికి నేను అర్థాలు వెతకను.)

అంతకంటే ముచ్చట ఇంకోటుంది. వ్యాకరణం చదివినవాళ్ళు చెప్పుకునే పాత శ్లోకంలో ఒక ముక్క: 'సింహో వర్ణవిపర్యయాత్'. హింస చేసేది కాబట్టి 'హింస' నుంచి, అక్షరాలు తారుమారై 'సింహ' అయిందని. మన చేతిలో తప్పు పోకముందే ఆ మాట అక్షరాలు అటూఇటూ అయి పుట్టిందని పెద్దలే ఒప్పుకున్నారు. హింసను తిరగేస్తే సింహం. ప్రహ్లాదుడు ముందు నిలబడి చూసినదీ అదే కదా! తండ్రికి హింసగా కనిపించిన రూపం పిల్లవాడికి తిరగబడి కనిపించింది. భీషణం పక్కనే భద్రం పెట్టడంలో రహస్యం నాకు ఆ ముక్కతోనే కొంత అందింది. భయంకరం, క్షేమం అని రెండు వేరు గుణాలు చెప్పడం లేదు. ఒకే ముఖాన్ని ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు చూస్తున్నారు.

నాయిన ఈ మంత్రం రోజూ చదివేవాడు. పొద్దుగూకే వేళ, గడప దగ్గర, కాళ్ళు కడుక్కుని. "ఉగ్రం ఈరం మావిష్ణం" అనేవాడు. వీరం ఎప్పుడూ ఆయనకు ఈరమే. చదువుకునే రోజుల్లో నేను ఒకటి రెండుసార్లు సరిదిద్దాను. "నువ్వు జెప్పినట్టు అంటే నాకు దేవుడు యాదికొస్తలేడు, నువ్వే యాదికొస్తున్నవ్ రా" అన్నాడు. మళ్ళీ సరిదిద్దలేదు.

ఆయన పేరుతో పడ్డ తిప్పలు చెప్పాలంటే పెద్ద కథ. భూమి కాగితంలో నర్సింహులు, ఓటరు లిస్టులో నర్సయ్య, ఆధార్‌లో నరసింహ. ఆయన పోయాక భూమి మా పేరు మీదికి మార్చుకోవడానికి వెళ్తే, ఒక ఆఫీసులో ముగ్గురి పేర్లు పెట్టి మీ నాయిన ఎవరని అడిగారు. చివరికి స్టాంపు కాగితం మీద, ఈ ముగ్గురూ ఒక్కరేనని అఫిడవిట్ రాసిచ్చాను. ఆ టెన్షన్‌లో కూడా నవ్వొచ్చింది. గుట్టలో స్వామి జ్వాల, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహ అని ఐదు రూపాల్లో ఉన్నాడంటాం. ఐదుగురూ ఒక్కరేనని ఇంతవరకు ఎవరూ ఆయన్ను కాగితం అడగలేదు. ఆ మాటకొస్తే అలాంటి కాగితం అడిగింది హిరణ్యకశిపుడొక్కడే. మనిషి చేత వద్దు, మృగం చేత వద్దు, పగలు వద్దు, రాత్రి వద్దు, లోపల వద్దు, బయట వద్దు అని ఒక్క గడి ఖాళీ వదలకుండా ఫారం నింపినట్టే వరం అడిగాడు. స్వామి ఆ గడుల మధ్య గీతల మీద వచ్చి కూర్చున్నాడు.

బారసాల రోజు పళ్ళెంలో బియ్యం పరిచారు. మావాడు బంగారు ఉంగరం పట్టుకుని రాయడానికి కూర్చున్నాడు. బియ్యంలో రాసినవాళ్ళకు తెలుసు, అక్కడ అక్షరం మన మాట వినదు. గీసిన గీతలోకి గింజలు జారతాయి. 'నరసింహ' రాశాడు. 'హ' పూర్తయ్యేసరికి రెండో అక్షరం సగం పూడిపోయింది. మళ్ళీ దిద్దబోతే సున్నా పోయింది. "ఉండనీయండి" అన్నారు అయ్యగారు. మా బామ్మర్ది తొంగి చూసి, "నర్సింహ లెక్కనే కనవడుతుంది గద బావా" అన్నాడు. నేనేమీ అనలేదు.

తర్వాత చెవిలో పేరు చెప్పడం. అమ్మా నాయినా చెప్పారు, మేము చెప్పాం. ముత్తవ్వ కూడా చెప్పాలి అన్నారు ఎవరో. అందరం ఒక్కసారి గమ్మున అయ్యాం. తాత పేరు పెట్టిన పిల్లలను ఇట్లాంటి ఇండ్లలో ఆడవాళ్ళు 'తాతా' అనో 'పెద్దయ్యా' అనో పిలిచి దాటేస్తారు, ఈమె కూడా అదే చేస్తుందనుకున్నాను. అమ్మ పిల్లవాడిని ఒళ్ళోకి తీసుకుంది. కొంగు తల మీదికి లాక్కుని వాడి కుడిచెవి దగ్గరికి వంగింది. కొంగు చాటున పెదవులు కనిపించలేదు. వాడి చెవి మీది మెత్తని వెంట్రుకలు ఆ ఊపిరికి కదలడం మాత్రం కనిపించింది. నాకు వాడపల్లి గుర్తొచ్చింది. మూసీ కృష్ణలో కలిసేచోట స్వామి ముఖం దగ్గర పెట్టిన దీపం ఆయన శ్వాసకు కదులుతుంటుంది, పాదాల దగ్గరి దీపం కదలదు. చిన్నప్పుడు నాయిన భుజాల మీద కూర్చుని చూశాను.

మూడుసార్లు చెప్పింది.

"ఎట్ల పిలిచినవే అమ్మా, నరసింహ అంటివా, నర్సిమ్మ అంటివా?" అని అడిగాను.

"నీకెందుకురా. వానికి ఇనవడ్డది" అంది.

బియ్యాన్ని అయ్యగారు మూట కట్టుకున్నారు. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఇంకా ఎక్కించలేదు. ఎస్ ముందు 'ఏ' పెట్టాలా వద్దా అని మావాడు నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. వచ్చే స్వాతికి గుట్ట మీద గిరిప్రదక్షిణకు పోతున్నాం, వచ్చాక చూద్దామన్నాను.