ఎద్దు నొప్పి, కోర్టు తీర్పు

చిన్నతనంలో ఒక సంక్రాంతికి భీమవరం దగ్గర కోడిపందెం బరి పక్కన నిలబడి, కాలికి కత్తి కట్టిన డేగ రకం పుంజు ఒకటి ఓడిపోయి, ముక్కు తెరుచుకుని, రెక్కలను మట్టిలో ఈడ్చుకుంటూ ఊపిరి కోసం పెనుగులాడటం చూశాను. అది తప్పని అక్కడ ఎవరూ అనలేదు. అయినా అది తప్పేనని నాకు అనిపించింది.

2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును నిషేధిస్తూ, జంతువులకూ గౌరవంగా బతికే హక్కు ఉందని చెప్పింది. 2017లో తమిళనాడు జల్లికట్టును అనుమతించేలా జంతుహింస నిరోధక చట్టాన్ని సవరించుకోగా, 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణను సమర్థించింది. కొత్త నిబంధనలు నొప్పిని తగ్గిస్తాయని, జల్లికట్టు సంస్కృతిలో భాగమా కాదా అన్నది శాసనసభ తేల్చవలసిన విషయమని పేర్కొంది. నిబంధనలు నొప్పిని తగ్గిస్తే సంతోషమే. కానీ తోక మెలిపెడితే ఎద్దు అనుభవించే బాధ మాత్రం ఆ తొమ్మిదేళ్లలో ఏమీ మారలేదు.

మంచిచెడ్డలు మనుషుల ఒప్పందాలు మాత్రమే అయితే, ఒప్పందం మారినప్పుడు ఆ ఎద్దు తరఫున అడగడానికి ఏమీ మిగలదు. అందుకే నైతిక సత్యాలు మన అంగీకారంతో నిమిత్తం లేకుండా ఉన్నాయనే వాదం వైపే నేను మొగ్గుతాను. అయితే మందుల కోసం ఎలుకలపై జరిగే ప్రయోగాల దగ్గర ఈ వాదం నన్ను నిజంగా ఇబ్బంది పెడుతుంది. మా ఇంట్లో రోజూ వాడే మాత్రల వెనుకా అలాంటి ప్రయోగాలే ఉన్నాయి.