అటక మీద శుభలేఖలు

బీరువా సర్దుతుంటే 2020 నాటి పాస్‌బుక్ దొరికింది. ఆ మార్చిలో లాక్‌డౌన్ పడేసరికి మా ప్రెస్‌లో అచ్చయిన శుభలేఖలు కట్టలు కట్టలుగా ఉండిపోయాయి. పెళ్లిళ్లన్నీ వాయిదా. ఆ ఇళ్లవాళ్లను బాకీ అడగాలంటే నాకే మొహమాటం.

మిషన్ మీద 6 లక్షల లోను. రిజర్వ్ బ్యాంక్ మూడు నెలల మారటోరియం, అంటే ఈఎంఐలు కట్టకుండా ఆగే వీలు ఇచ్చి, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. హమ్మయ్య అనుకున్నా. మా ఆవిడ మాత్రం క్యాలెండర్ వెనక లెక్కేసి చూపించింది. "ఈఎంఐ ఆగింది గానీ వడ్డీ ఆగలేదండీ!" నూటికి రూపాయి వడ్డీ, నెలకు ఆరు వేలు. టెన్షన్ మళ్లీ మొదలు.

నిజంగా ఊపిరి పోసింది అత్యవసర రుణ పథకం. ఫిబ్రవరి 29 నాటి బకాయిలో 20 శాతం, అంటే మాకు 1.2 లక్షలు. తాకట్టు లేదు, కేంద్రం హామీ, ఏడాది దాకా అసలు కట్టక్కర్లేదు. పేపరు షాపు బాకీ తీర్చి, ఇద్దరు కుర్రాళ్లకు జీతాలిచ్చాను. సాయం అన్నారు గానీ అదీ అప్పేగా!

నవంబరులో ఫోన్ టింగుమంది. 900 చిల్లర జమ. ఎవరైనా పొరపాటున వేశారేమో అనుకున్నా. 2 కోట్ల లోపు లోన్లకు ఆ ఆరు నెలల వడ్డీ మీద వడ్డీని కేంద్రమే భరించిందట. ఆ రాత్రి బిర్యానీ తెప్పించాం.

ఒక కట్ట ఇంకా అటక మీదే ఉంది. ఆ పెళ్లి 2021లో అయింది, కార్డు వాట్సాప్‌లో వచ్చింది.