చక్రానికి లామినేషన్

మా ఆయన సంగతి మీకు కొత్త కాదు. బుడమేరు వరద వచ్చి పోయినప్పటి నుంచి ఇంట్లో కాగితం కనపడితే చాలు, లామినేషన్. ఆధార్, రేషన్ కార్డు సరే అనుకున్నాను. తర్వాత గ్యాస్ బుక్కు అయింది, మామయ్యగారి జాతకం అయింది. ఇవాళ సాయంత్రం సంచిలోంచి ఒక్కొక్కటే తీసి మంచం మీద పరుస్తూ, "నీది కూడా ఒకటి కనపడితే చేయించేశాను" అన్నారు, ఏదో నగ చేయించినట్టు. చూస్తే నా దొంగల చక్రం!

చక్రమన్నాక తిరగాలా వద్దా?

1990లో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ వాళ్లు 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్' అనే కంప్యూటర్ ఆట పెట్టెలో పెట్టి ఇచ్చిన చక్రానికి ఇది నకలు. ఆట మొదలుపెట్టగానే తెర మీద ఒక సముద్రపు దొంగ మొహం వచ్చేది. వీణ్ణి జమైకాలోనో, ఇంకో ఊళ్లోనో ఏ సంవత్సరం ఉరి తీశారు అని అడిగేది. రెండు అట్ట చక్రాలు ఒకదాని మీద ఒకటి తిప్పి, పై సగం మొహానికి కింద సగం మొహం సరిగ్గా జత చేస్తే ఆ ఊరి పేరున్న చిన్న కిటికీలో సంవత్సరం కనపడేది. అది కొడితేనే ఆట. ఫ్లాపీలు కాపీ కొట్టేవాళ్లను ఆపడానికి వాళ్లు పడ్డ పాట్లు అవి.

బెజవాడ వాళ్లను ఆపడం అయ్యే పనేనా? మా పెదనాన్నగారి అబ్బాయి, అన్నయ్య, ఎక్కడి నుంచో చక్రం జిరాక్స్ తెచ్చాడు. అందులో సగం మొహాలు నల్లగా అలుక్కుపోయి ఉంటే బాల్ పెన్నుతో తనే గీశాడు. అందుకే మా చక్రంలో దొంగలందరికీ ఒకే రకం మీసం. పిన్ని పెళ్లిలో మిగిలిన శుభలేఖల అట్టకు అంటించి, మధ్యలో అమ్మ జాకెట్ టిచ్ బటన్ బిగించాడు. వెనక్కి తిప్పితే 'చి.ల.సౌ.' అన్న అక్షరాలూ, మూలన పసుపు మరకా ఇప్పటికీ ఉన్నాయి. ఉన్నాయంటే, ప్లాస్టిక్ కింద ఉన్నాయి. ఆ టిచ్ బటన్ చుట్టూ గాలి బుడగ ఒకటి లేచింది. ఆ వేడికి రెండు చక్రాలూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఒకడి నుదురు ఇంకొకడి గడ్డం మీద ఉండిపోయింది, ఇక వాడికి ఏ ఊళ్లోనూ ఉరి లేదు.

"ఇదిక తిరగదు కదండీ" అన్నాను.

"తిరిగి ఏం చెయ్యాలి?"

అదీ, ఇంత రాత్రివేళ నన్ను కూర్చోబెట్టిన మాట. అప్పుడు సమాధానం తోచలేదు. పాత కాగితాలు భద్రపరిచే పనిలో ఉన్నవాళ్లు లామినేషన్ వద్దనే చెబుతారు, ఆ వేడి, ఆ జిగురు కాగితంలోకి దిగితే మళ్లీ ఊడదీయలేం, కావాలంటే జిగురు లేని పాలిస్టర్ కవరులో పెట్టుకోవాలి అని పాఠం చెప్పాను. ఆయన అంతా విని, "మరి మన ఇంటి దస్తావేజులు నీళ్లలో నానినప్పుడు వాళ్లెవరైనా వచ్చి ఆరబెట్టారా?" అన్నారు. 2024 సెప్టెంబరు వరదలో సింగ్‌నగర్‌లో ఉన్న మనిషితో ఇక ఏం వాదిస్తాం? ఫ్యాను కింద మంచం నిండా పేజీలు పరిచి, ఒక్కొక్కటీ చిరక్కుండా విడదీసింది ఆయనే. నోరు మూసుకుని వంటింట్లోకి పోయాను. గిన్నెలు మాత్రం కాస్త గట్టిగానే పెట్టాను.

అన్నయ్యకు ఫొటో పంపితే పగలబడి నవ్వాడు. "డిస్క్ 22 కూడా చేయించమను" అన్నాడు.

అబ్బ, ఆ డిస్క్ 22! ఆటలో అడవిలో ఒక చెట్టు మొద్దు ఉంటుంది. దాన్ని చూడమంటే, లోపల సొరంగం ఉంది, డిస్క్ 22 పెట్టు అంటుంది. లేదంటే 36 పెట్టమంటుంది, ఆ తర్వాత 114. మా దగ్గర ఉన్నవి గుప్పెడు ఫ్లాపీలు. మిగతావి ఆ కాపీ చేసినవాడు నొక్కేశాడని అన్నయ్య తేల్చేశాడు. ఎండలో సైకిల్ మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఏలూరు రోడ్డులో, ఆ ఫ్లాపీలు కాపీ చేసిచ్చిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాం. అక్కడి ఆపరేటరు ఇన్నే ఉన్నాయంటాడు, అన్నయ్య నూట పద్నాలుగు ఉండాలంటాడు. డబ్బులు వెనక్కి ఇవ్వమని పెద్ద గొడవ. నేను అన్నయ్య తరఫున ఏడ్చాను కూడా. చివరికి అతను విసుగెత్తి ఏవో రెండు ఖాళీ ఫ్లాపీలు ఊరికే ఇచ్చి పంపాడు. అది ఆట రాసినవాళ్ల జోకని, అసలు ఏ పెట్టెలోనూ అన్ని డిస్కులు లేవని మాకు తెలిసేసరికి అన్నయ్యకు పెళ్లయిపోయింది. నమ్మినవాళ్లం మేమే కాదట, అమెరికాలో కూడా కంపెనీకి ఫోన్లు చేశారట. తర్వాత సీడీలో ఆ జోకు తీసేశారు. రెండో భాగంలో అయితే కంపెనీ హెల్ప్‌లైనుకి ఫోను చేసి ఆ మొద్దు సంగతి అడిగే ముచ్చట కూడా పెట్టారు.

ఆ రోజుల్లో కాగితం లేకపోతే ఆట సగమే. 1982లో ఇన్ఫోకామ్ వాళ్ల 'డెడ్‌లైన్' హత్య కేసు ఆటకు డిస్కులో చోటు చాలక సాక్షుల వాంగ్మూలాలు అచ్చేసి పెట్టెలో పెట్టారు. 1992 'కింగ్స్ క్వెస్ట్ 6'లో కొండ ఎక్కాలంటే పెట్టెలో వచ్చిన పుస్తకం చూడాల్సిందే. అన్నయ్య దగ్గర అదీ ఉండేది, పుస్తకం లేకుండా. ఆ కొండ కింద ఒక వేసవంతా గడిపాం.

ఇదంతా రాద్దామని కూర్చున్నది, రేపు బ్లేడు పెట్టి ఆ ప్లాస్టిక్ ఎలాగైనా కోసేస్తానని చెప్పడానికి. ఇప్పుడు కొయ్యాలని లేదు. అసలు చక్రం, అసలు మాన్యువల్ ఎవరెవరో శుభ్రంగా స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు. పాత ఆటలు నడిపే స్కమ్‌వీఎమ్ యాప్ వేసుకుంటే ఈ ఫోన్లోనే ఆట ఆడొచ్చు. నేను దాచినది దొంగసరుక్కి దొంగ జిరాక్సు. అది తిరగకపోతే లోకానికి ఏ నష్టమూ లేదు. పైగా మళ్లీ నీళ్లొస్తే ఇంట్లో మిగిలేది అదొక్కటేనేమో. ఆయన అన్నదే నిజమని ఒప్పుకోవాల్సి వస్తుందనే నా బాధ.

ఎక్కడా లేనిది వేరే ఉంది. అన్నయ్య నోటుబుక్కు. ఆ ఆటలో కత్తియుద్ధం గెలవాలంటే చెయ్యి కాదు, నోరు ఆడాలి. ఎదుటివాడి తిట్టుకు సరైన ఎదురు తిట్టు తగలాలి. తిట్టుకోవడం మా వీధిలో ఎవరికీ ఒకరు నేర్పాల్సిన పని లేదు గానీ, ఇంగ్లీషులో తిట్టాలంటే కష్టమే కదా. అన్నయ్య డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఎడమ పేజీలో తిట్టు, కుడి పేజీలో జవాబు, కింద తెలుగులో అర్థం రాశాడు. కొన్నిచోట్ల అసలుకన్నా తన తెలుగే ఘాటుగా ఉంది. మధ్యలో ఒక పేజీలో పెద్ద అక్షరాలతో 'కరెంటు పోతుంది, ముందు ఎఫ్5 నొక్కు' అని, అంటే ఆట సేవ్ చేసుకోమని నాకు హెచ్చరిక. ఇంకోచోట 'రబ్బరు కోడి పారెయ్యొద్దు'. ఆ కోడి కడుపులో కప్పీ ఉంటుంది, తీగ మీద జారి అవతలి దీవికి పోవడానికి.

పేజీలు పసుపెక్కాయి, పిన్నులు తుప్పు పట్టాయి. ముందు ఆ పిన్నులు తీసేయాలి. రేపు ఆయన షాపుకి వెళ్లాక కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫొటో తీస్తాను. ఒకటి అన్నయ్యకు పంపిస్తాను, ఒకటి నా దగ్గర ఉంచుకుంటాను. ఇదేమిటని ఆయన అడిగితే చిట్టీల లెక్కలని చెబుతాను.