దేవుని పీట కోసం నిర్మల్ దాకా

దీపావళికి నాలుగు రోజుల ముందు దేవునర్ర కడుగుతుంటే అత్తమ్మ పీట కాలు నా చేతిలోకి ఊడి వచ్చింది. చప్పుడు కూడా కాలేదు. లోపల చూస్తే అంతా పిండే. పుచ్చు ఎన్నేళ్ల కింద పట్టిందో తెలియదు. పైన పసుపు రాస్తూ, బొట్లు పెడుతూ వచ్చాం కాబట్టి పైకి నిండుగానే కనిపించింది. ఎనభై రెండేళ్ల అత్తమ్మ ఆ కాలును కొంగులో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. "నా లగ్గమైన యేడు మా బాపు చేయించిండు" అన్నది. అంతకన్నా ఏమీ అనలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో వేములవాడ రాజన్న పటం, ధర్మపురి నర్సింహస్వామి, చిన్న ఇత్తడి లక్ష్మి ఒక ప్లాస్టిక్ స్టూలు మీద కొలువుదీరారు. దాని మీద కొత్త గుడ్డ పరిచాం. అయినా పదహారు ఉపచారాల్లో ధ్యానం, ఆవాహనం తర్వాత మూడోది ఆసనమే. ఇంటికొచ్చిన మనిషికి కూడా మంచినీళ్ల కన్నా ముందు పీట వేస్తాం. ఆ స్టూలు ముందు నిలబడి "ఆసనం సమర్పయామి" అని అక్షతలు వేయాలంటే నాకు నోరు వచ్చేది కాదు. అత్తమ్మయితే ముగ్గు వేయడమే మానేసింది. అరవై ఏళ్లుగా పొద్దున్నే పీట తుడిచి బియ్యప్పిండితో ఎనిమిది రేకుల పద్మం వేసిన చెయ్యి అది. స్టూలు మీద గుడ్డ ఉంటే ముగ్గు ఎక్కడ వేస్తుంది?

హనుమకొండలో, వరంగల్లులో పది దుకాణాలు తిరిగాం. ఎక్కడ చూసినా పొట్టును జిగురుతో అదిమి చేసిన చెక్కే, మిషన్ మీద కోసిన పూలే, పైన బంగారు రంగే. ప్రతి పువ్వూ ఒకే లోతు, ప్రతి రేకూ ఒకే వంపు. అలాంటి చెక్కకు నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. రోజూ తడిగుడ్డతో తుడిచే వస్తువుకు అది పనికిరాదని కొనేవాళ్లకు ఎవరైనా చెప్పాలి. పక్కింటి వదిన పెంబర్తి వెళ్లమన్నది. జనగామ దగ్గర పెంబర్తిలో లక్క మీద ఇత్తడి రేకు పరిచి, సుత్తెతో, ఉలితో కొట్టి బొమ్మ తేలుస్తారు. గుళ్లలో కర్ర వాహనాల మీద ఆ తొడుగు ఎంత బాగుంటుందో నాకు తెలుసు. కానీ రోజూ తడి తగిలే పీటను రేకుతో కప్పేస్తే లోపలి కర్రకు ఏమవుతున్నదో కనబడదు. ఒకసారి మోసపోయిన దాన్ని కాబట్టి నాకు ఒట్టి కర్రే కావాలనిపించింది. మా ఆయన "నిర్మల్ పోదాం, కర్ర సంగతి వాళ్లకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తది" అన్నారు.

కార్తీక సోమవారం తెల్లవారుజామున వేయిస్తంభాల గుడిలో దీపం పెట్టి బయల్దేరాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం అది. విష్ణువుకు, సూర్యుడికి కట్టిన గర్భగుళ్లలో మూర్తులు లేవు, పూజలందుకునేది శివుడొక్కడే. ఎన్నోసార్లు చూసిన గుడే. ఆ రోజు మాత్రం నా కళ్లు లింగం కింది పానవట్టం మీదే నిలిచాయి. పైన పోసిన నీళ్లు ఎటు పోవాలో ఆ రాతిలోనే దారి ఉంది. రాతి పీఠం చెక్కినవాడు ముందు నీళ్ల గురించి ఆలోచించాడు, అందం ఆ తర్వాత వచ్చింది. కర్ర పీటకు అలాంటి దారి ఉండదు కాబట్టే ఇంట్లో అభిషేకం పళ్లెంలో చేసి, తుడిచి, తర్వాత పీట మీద పెడతాం. ఇన్నేళ్లూ చేస్తున్న పని వెనకున్న కారణం నాకు ఆ రాయి ముందు తట్టింది.

ఎల్కతుర్తి, హుజూరాబాద్ మీదుగా కరీంనగర్ చేరేసరికి ఎండ ముదిరింది. రోడ్డు సగం వడ్లు ఆరబోసి ఉంది. చేలల్లో పత్తి తెల్లగా విచ్చుకుంది. కరీంనగర్‌లో చాయ్ తాగుతూ ఒక దుకాణంలో వెండి తీగ పని కుంకుమ భరిణె చూశాను. దారం కన్నా సన్నని తీగతో ఆకులు, కొమ్మలు అల్లారు. ధర విని పెట్టేశాను. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటాక దారికి రెండు వైపులా పసుపు చేలు. ఆర్మూరు దగ్గర పెద్ద రోడ్డెక్కి, సోన్ వంతెన మీద గోదావరికి దండం పెట్టుకుని నిర్మల్‌లో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. అత్తమ్మ పట్టుబట్టడంతో పాత పీటను కూడా చీరలో చుట్టి వెనక సీట్లో తెచ్చాం.

ముందు బొమ్మలు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాం. ఈ ప్రాంతాన్ని ఏలిన నిమ్మనాయుడి కాలంలో, బొమ్మలు చేసి రంగులద్దే నకాషీ పనివాళ్లు ఇక్కడ స్థిరపడ్డారని చెప్తారు. పొనికి కర్ర చేతిలో పెడితే ఆశ్చర్యం వేసింది, అంత తేలిక. కత్తికి వెన్నలా తెగుతుంది. ముక్కలు చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, సుద్ద పూసి, ఆరాక రంగులు వేస్తారు. సీతాఫలం, మొక్కజొన్న కంకి, పాలపిట్ట వరుసగా ఎండలో ఆరుతున్నాయి. వాటి మధ్య బొమ్మల కొలువుకు చేసిన చిన్న పీఠాలు కూడా ఉన్నాయి, ఎర్ర రంగు మీద పసుపు పద్మాలు. నాకు చెయ్యి ఆగలేదు, ఒకటి తీసుకున్నాను. దేవునికి అనగానే చేసినాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది చూసుకోనీకి అమ్మా. నీళ్లు తగిలేకాడ, దీపం పెట్టేకాడ పొనికి వద్దు. టేకు చేసే చారిగారున్నరు, ఆడికి పోండ్రి."

అమ్మకానికి కూర్చున్న మనిషి తన సరుకే వద్దని చెప్పి ఇంకో ఇంటి దారి చూపించాడు. ఆ మాట నేను మరిచిపోలేను.

చారిగారి కొట్టం రెండు వేపచెట్ల కింద ఉంది. మాలాగే ఊరంతా ఆయన్ని చారిగారనే పిలుస్తారు. అరవై దాటిన మనిషి. చుట్టూ టేకు పొట్టు, ఆ ఘాటు వాసన. ఆయన మమ్మల్ని కూర్చోమని కూడా అనకముందే చీర విప్పి పాత పీటను తిరగేసి చూశారు. వేలి కణుపుతో కొట్టారు. కాళ్ల దగ్గర డొల్ల మోత, నడుమ గట్టి మోత.

"పలక చేవ కర్ర అమ్మా. కాళ్లు చేవ కాదు, పై తెలుపు. పురుగు ముందు తెలుపునే పడ్తది. ఆడికెళ్లి కీళ్లల్లకు పాకింది" అన్నారు.

మానులో లోపలి ముదురు భాగం చేవ. టేకు చేవలో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి తడికీ చెదకూ త్వరగా లొంగదు. బెరడు పక్కన తెల్లగా ఉండే భాగానికి ఆ బలం లేదు. రంగు పూస్తే రెండూ ఒకటే. అందుకే రంగు వేసిన పీట కొనొద్దని, కొనేముందు అడుగు తిప్పి చూడమని చెప్పారు. అడుగున రెండు రంగుల చారలు కనిపిస్తే అందులో తెలుపు కలిసిందన్నమాట.

నేను నా కోరిక చెప్పాను. పైపలక మీద పెద్ద పద్మం చెక్కాలి, చుట్టూ లతలు రావాలి. ఫోనులో గుళ్ల ఫోటోలు కూడా చూపించాను. ఆయన ఓపిగ్గా అన్నీ చూశారు.

"మీ ఇంట్ల ముగ్గెవరేస్తరు?"

"మా అత్తమ్మ."

"మరి పలక మీద నేనే పద్మం చెక్కితే ఆమె ఏడ వేస్తది?"

నా దగ్గర జవాబు లేదు. ఆయనే చెప్పుకుంటూ పోయారు. పలక నున్నగా, సమంగా ఉండాలి. ఎగుడుదిగుడు ఉంటే మూర్తి కదులుతుంది, దీపపు కుంది ఒరుగుతుంది. చెక్కిన గుంతల్లో కుంకుమ, నూనె, అక్షతల ముక్కలు ఇరుక్కుంటాయి. ఎనభై దాటిన వేళ్లు వాటిని గీకి తీయలేవు. ఆ జిడ్డు మీదికే చీమ వస్తుంది, ఆ తడిలోకే పురుగు వస్తుంది. నగిషీ చేయాల్సిన చోటు అంచు, కాళ్లు. అక్కడ కూడా లోతు గుడ్డ చుట్టిన వేలు దూరేంతే ఉండాలి. పలక మీద వార్నిష్ పూయొద్దు, అవిసె నూనె రుద్దితే చాలు, పిండి నిలుస్తుంది. కాళ్లు రెండంగుళాలన్నా ఉంటేనే కిందికి గాలి ఆడుతుంది.

నేను ఫోను సంచిలో పెట్టేశాను.

కొలతకు టేపు తీశారు. పాతది 18 అంగుళాల పొడవు, 14 వెడల్పు. గుణిస్తే 252. దాన్ని ఎనిమిదితో భాగిస్తే 4 మిగులుతుంది. అలా మిగిలిన అంకెను బట్టి మంచిచెడు చూసేదే ఆయం. నాలుగు సరి సంఖ్య, మంచి ఆయం కాదన్నారు. 19కి 15 పెడితే 285, మిగిలేది 5, వృషభాయం. ఒకటి ధ్వజం, మూడు సింహం, అయిదు వృషభం, ఏడు గజం, బేసి వస్తే చేస్తారు. ఆయం లెక్క కట్టే పద్ధతులు వేరే కూడా ఉన్నాయి, ఇది చారిగారి పద్ధతి. "మరి పాతది తప్పు చేసిన్రా?" అని మా ఆయన అడిగారు. "తప్పెట్లయితది? ఆళ్లు వేలితోని కొలిచిన్రేమో. టేపు అంగుళం, వేలి అంగుళం ఒక్కటి కాదు గద" అన్నారు. పాతకాలపు పనివాణ్ని ఒక్క మాట అననివ్వలేదు.

ఆరి సిద్ధమైన పలక ఆయన దగ్గరుంది. కోసి, అంచు చెక్కడానికి మర్నాడు సాయంత్రం దాకా పడుతుందన్నారు. ఆ రాత్రి నిర్మల్‌లోనే ఉన్నాం.

మర్నాడు పొద్దంతా ఆ కొట్టంలోనే కూర్చున్నాను. ఆయన రేకులు చెక్కే తీరు చూడాలి. మూల నుంచి మొదలుపెట్టరు. పక్క సరిగ్గా నడుమ ఒక రేకు గీసి, అక్కడి నుంచి అటూ ఇటూ సమంగా పోతారు. అలా అయితేనే మూలకు వచ్చేసరికి రెండు పక్కల రేకులూ కలిసి ఒక్క నిండు రేకు అవుతుంది. మూలన సగం రేకు మిగిలిందంటే లెక్క తప్పిందనే. గోటి వంపున్న ఉలితో రేకు కడుపు తీస్తారు, సన్నని ఉలితో ఈనె తేలుస్తారు. కర్ర పోగు ఎటు ఉంటే ఉలి అటే నడవాలి, ఎదురుగా పోతే పెచ్చు లేస్తుంది. నాలుగు కాళ్లకూ ఏనుగు పాదాలు. ఒక్క మేకు కూడా కొట్టలేదు. పలక కింద తొలిచిన గుంతలోకి కాలి మొనను దిగ్గొట్టి, అడ్డంగా కర్ర చీల వేశారు.

పని నడుమ ఆయన పీటను ఒక్కోసారి "గద్దె" అంటున్నారు. ఆ మాట వింటే నాకు మేడారం గుర్తొచ్చింది. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి సమ్మక్క, సారలమ్మ వచ్చి కూర్చునేది గద్దెల మీదే. చెక్కిన విగ్రహం ఉండదు. అంతమంది జనం మొక్కేది ఆ గద్దెకు, దాని మీదికి వచ్చే కుంకుమ భరిణెకు. ఆ సంగతి చారిగారితో అంటే ఉలి ఆపి, "కూసునేటోళ్ల కోసమే గద్దె అమ్మా, గద్దె కోసం ఎవ్వరూ రారు" అన్నారు. మళ్లీ రేకు మీదికి వంగారు.

పాత పీటను ఏం చేయాలో నాకు తోచలేదు. ఆయనే పురుగు తిన్న అంచులు కోసి పక్కన పడేసి, నడుమ మిగిలిన చేవను జానెడు పలకగా తీశారు. దానికి చిన్న కాళ్లు పెట్టారు. హైదరాబాద్‌లో మా బిడ్డ ఫ్లాటులో దేవుడు గోడ అలమరలో ఉంటాడు, ఆ అరలో సరిగ్గా పట్టింది. రెండింటికీ కలిపి 5,500 ఇచ్చాం. ఆయన ఆ నోట్లను కళ్లకద్దుకుని ఉలి పక్కన పెట్టారు.

ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. అత్తమ్మ మేలుకునే ఉంది. పీట మీద చెయ్యి పెట్టి అంచు వెంబడి వేలు నడిపించుకుంటూ పోయింది, నాలుగు మూలలూ తడిమి చూసింది. పొద్దున నేను లేచేసరికే పసుపు రాసి, బొట్లు పెట్టి, పిండి గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. ఎనిమిది రేకులు వేసింది. అరవై ఏళ్లు పాత పలకకు అలవాటైన చెయ్యి. ముగ్గు పూర్తయ్యాక కూడా చుట్టూ అర అంగుళం ఖాళీ మిగిలింది. వేళ్ల మధ్య పిండి పట్టుకుని కాసేపు ఆ ఖాళీనే చూసి, పద్మం చుట్టూ ఇంకో గీత గీయడం మొదలుపెట్టింది.