నాలుగు రోజులు ఎక్కువే

మా చిన్నది ఈ నెలలో వరంగల్ ఎన్ఐటీలో చేరుతోంది. "అక్కడ ఎన్ని రోజులకి రూము తీసుకోమంటావ్?" అని మా ఆయన అడిగేసరికి మూడేళ్ల కిందటి ఖరగ్‌పూర్ గుర్తొచ్చింది.

పెద్దాడికి అక్కడి ఐఐటీలో సీటొచ్చింది. రాజమండ్రిలో సాయంత్రం కోరమాండల్ ఎక్కితే పొద్దున్నకి ఖరగ్‌పూర్. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడుగైన ప్లాట్‌ఫాం అదే, 1,072 మీటర్లు. రెండు సూట్‌కేసులూ ఆవకాయ డబ్బా మోస్తూ నడిచిన నన్నడగండి ఎంత పొడుగో.

భాష రాని ఊళ్లో పిల్లాణ్ణి వదిలి ఎలా వస్తామని, నాలుగు రోజులుండేలా టికెట్లు తీయించింది నేనే. తీరా గోల్ బజార్‌లో పరుపుల కొట్టాయన మా మాటలు విని "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికొచ్చి అక్కడే ఉండిపోయాడట. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ అలా స్థిరపడ్డ తెలుగువాళ్లు ఆ ఊళ్లో బోలెడుమంది. భాష బెంగ అక్కడితో సరి.

పనంతా మొదటిరోజే అయిపోయింది. పరుపు, బకెట్, మగ్గు, తాళంకప్ప, దోమతెర. తెర నాలుగో మూల కట్టడానికి మేకు దొరక్కపోతే, సంచిలో ఉన్న లంగా నాడా తీసి కిటికీ ఊచకి కట్టాను. వాడు తలుపు వైపు ఓసారి చూసి, "అమ్మా, అది మాత్రం తీసెయ్" అన్నాడు గొంతు తగ్గించి.

రెండో రోజు నుంచి చెయ్యడానికేం లేదు. అయినా పొద్దున్నే ఆటోలో వెళ్లిపోవడం, వాణ్ణి భోజనానికి బయటికి తీసుకుపోవడం. మూడో రోజు మధ్యాహ్నం రూమ్మేటు నలుగురు పిల్లల్ని వెంటేసుకుని వచ్చి మెస్‌కి రమ్మన్నాడు. ధన్‌బాద్ పిల్లాడు. వాళ్ల నాన్న మొదటిరోజు సాయంత్రమే వెళ్లిపోయాడు. మావాడు మా ఇద్దరి వంకా చూసి "మమ్మీ పాపా హై" అన్నాడు. వాళ్లు వెళ్లిపోయారు. మెట్ల మీద వాళ్ల నవ్వులు చాలాసేపు వినపడ్డాయి. హోటల్లో వీడు తల ఎత్తకుండా తిన్నాడు.

1996లో మా నాన్న నన్ను కాకినాడ హాస్టల్లో దింపి, ట్రంకుపెట్టె మంచం కిందకి తోసి, చేతిలో రెండొందలు పెట్టి "బస్సుందమ్మా" అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు. ఏడుపొస్తుందనే అలా పారిపోయారని అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. నేను ఖరగ్‌పూర్‌లో నాలుగు రోజులు కూర్చుంది కూడా ఆ ఏడుపుని వాయిదా వెయ్యడానికే.

పిల్లకి ఒంట్లో బాగోకపోతే వేరే సంగతి. లేదంటే ఫీజు కాగితాలు, గది తాళం, పరుపు అయ్యేదాకా ఉండాలి. ఏదైనా మర్చిపోయుంటే కొనిపెట్టడానికి ఆ రాత్రికి ఊళ్లోనే పడుకోవాలి. మర్నాడు రైలెక్కెయ్యాలి.

అదే చెప్పి, ఒక్క రాత్రికే రూము చూడమన్నాను. మా చిన్నది బట్టలు సర్దుకుంటూ అక్కణ్ణుంచే అంది:

"రాత్రెందుకమ్మా? కాజీపేటలో సాయంత్రం రైలు లేదా?"