ముక్కు, జడ, బొట్టు, హెడ్‌సెట్

ఏం పని చేస్తున్నావని చుట్టాలు అడిగితే "కళ్ళజోళ్ళ ఫ్రేములు గీస్తా" అని చెప్పి తప్పించుకుంటాను. మరీ అబద్ధమేం కాదు. మా ఆఫీసులో చేసేది ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ) హెడ్‌సెట్లు, అంటే కంటి ముందున్న లోకం మీదే కంప్యూటరు బొమ్మల్ని చూపించే, తలకు పెట్టుకునే సాధనాలు. వాటి తెరలు, చిప్పులు, కెమెరాలు చూసుకునేవాళ్ళు వేరే ఉన్నారు. ఆ సామానంతా మనిషి తల మీద ఎలా కూర్చోవాలో చూడటం నా వంతు. పట్టీ, నుదుటి మెత్త, నోస్ ప్యాడ్లు, చెవి కాడలు. గుంటూరులో మా నాన్నది కళ్ళజోళ్ళ షాపు, అందుకని ఇందులో సగం నేను ఉద్యోగంలో చేరకముందే నేర్చుకున్నదే.

కొత్త హెడ్‌సెట్ ఏది వచ్చినా అందరూ ముందు అడిగేది ఎన్ని గ్రాములని. ఆ అంకెను నేను పెద్దగా నమ్మను. 2016లో వచ్చిన మైక్రోసాఫ్ట్ మొదటి హోలోలెన్స్ బరువు 579 గ్రాములు, 2019 నాటి రెండోది 566. తగ్గింది 13 గ్రాములే. పెట్టుకుని చూస్తే మాత్రం రెంటికీ పోలికే లేదు. మొదటిది ముందుకు లాగేస్తుంది. రెండోదాంట్లో బ్యాటరీని తల వెనక్కి పంపేశారు. మెడకు గ్రాములతో పనిలేదు. దానికి తెలిసింది బరువు ఇంటూ దూరం. అరకిలో సామాను మెడ కీలుకు పది సెంటీమీటర్లు ముందుకు వేలాడుతుంటే, వెనక కండరాలు దాన్ని పట్టుకుని లాగుతూనే ఉండాలి. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవన్ సదర్లాండ్ చేసిన హెడ్‌సెట్‌నైతే గది పైకప్పుకే తగిలించారు!

యాపిల్ విజన్ ప్రో సంగతి ఇంకా తమాషా. (అది కెమెరాల్లోంచి లోకాన్ని చూపిస్తుంది కాబట్టి అసలు ఏఆరేనా అన్న గొడవ వేరే ఉంది, ఇప్పుడొద్దు.) 2024లో వచ్చినప్పుడు 600 నుంచి 650 గ్రాములు, పైగా 353 గ్రాముల బ్యాటరీ జేబులో. 2025లో కొత్త పట్టీతో వచ్చింది 750 నుంచి 800. ఆ పట్టీ వెనక భాగంలో టంగ్‌స్టన్ ముక్కలు పెట్టారు, ముందు బరువుకు ఎదురు తూగడానికి. హాయి కోసం బరువు పెంచారన్నమాట. ఆ వార్త చదివి నేను ఆఫీసులో నిజంగానే చప్పట్లు కొట్టాను.

వెనక్కి పంపితే అయిపోయిందా? మేం చేస్తున్నది ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను మీద వాడే హెడ్‌సెట్. ఆ లైన్లలో ఎక్కువమంది ఆడవాళ్ళు. బ్యాటరీ డబ్బా ఎక్కడ ఆనాలో సరిగ్గా అక్కడే జుట్టు ముడి ఉంటుంది. డబ్బాను ముడి పైకి జరిపితే ముందు భాగం ముక్కు మీదికి దిగుతుంది, కిందికి జరిపితే జడ మొదలు అడ్డం. కొబ్బరినూనె రాసిన జుట్టు మీద సిలికాన్ పట్టీ నిలవదు. ఇంజనీర్లందరివీ క్రాపు తలలే కాబట్టి మా బల్లల దగ్గర ఇవేవీ బయటపడలేదు. చివరికి వెనక డబ్బాను రెండు ముక్కలు చేసి మధ్యలో ముడికి చోటు వదిలాం.

నుదుటి మెత్త ఇంకో కథ. తీసి చూస్తే మధ్యలో ఎర్రగా కుంకుమ, దాని పక్కనే అంటుకుపోయిన స్టిక్కరు బొట్టు. తర్వాతి షిఫ్టు అమ్మాయి దాన్ని గోటితో పీకి పడేసి పెట్టుకుంది, మొహం మాత్రం చిట్లించింది. తుడిస్తే పోయే తోలు లాంటిది వేద్దామన్నారు, వేస్తే చెమట. నేను మెత్తను మధ్యలో తెగ్గొట్టి, బరువును కనుబొమల పైన రెండు వైపులా ఆనేలా మార్చాను. బొట్టు బతికిపోయింది, మధ్యలోంచి గాలి కూడా ఆడుతోంది.

కళ్ళజోడులా ఉండేవాటికి వస్తే లెక్క మారుతుంది. మెటా 2024లో చూపించిన ఓరియన్ నమూనా 98 గ్రాములు. లెక్కలు చేసే పెట్టె విడిగా జేబులో ఉంటుంది. ఆ అద్దాలు గాజు కాదు, సిలికాన్ కార్బైడ్. గాజుకన్నా కాంతిని బాగా వంచుతుంది కాబట్టి సన్నటి అద్దంలోనే 70 డిగ్రీల మేర బొమ్మ చూపించగలిగారు. గొప్ప పని, కాదనను. కానీ మామూలు కళ్ళజోడు ముప్పై గ్రాములు అటూఇటూ. మిగతాదంతా మోయాల్సింది ముక్కే.

కళ్ళజోడులాంటి మా నమూనా ఒకటి నాన్న చేతిలో పెట్టాను. ఆయన పెట్టుకోలేదు. కాడల కింద చూపుడువేలు పెట్టి, ఎక్కడ తూగుతుందోనని ముందుకీ వెనక్కీ జరిపి చూశాడు.

"ముందుకు మొగ్గుతోందమ్మా. ముక్కు అద్దాన్ని నిలబెట్టడానికే గానీ మొయ్యడానికి కాదు. పట్టు చెవి వెనకాల ఉండాలి. అయినా ఈ ప్యాడ్లకి తీగ లేదేంటి? ఒక్కో ముక్కూ ఒక్కో రకం, దేన్ని వంచి సరిచెయ్యను?"

"వంచితే బొమ్మ పోతుంది నాన్నా."

నిజంగానే పోతుంది. అద్దంలోకి పంపిన కాంతి లోపల్లోపలే తగులుకుంటూ వెళ్ళి కంటి ముందు బయటికొస్తుంది. కంటిపాప ఒక చిన్న చోటులో ఉంటేనే బొమ్మ నిండుగా కనిపిస్తుంది. ఆ చోటును ఐ బాక్స్ అంటారు. చెమటకి ఫ్రేము కొన్ని మిల్లీమీటర్లు జారిందా, కింది వరస అక్షరాలు మాయం. సరే, ఐ బాక్స్ పెద్దది చేద్దామంటే అదే కాంతి ఎక్కువ మేర పరుచుకుని మసకబారుతుంది. వెలుతురు పెంచితే బ్యాటరీ తింటుంది, కాడలు వేడెక్కుతాయి. కణత దగ్గర వేడెక్కితే చెమట. చెమట పడితే మళ్ళీ జారుడు. మా ఆప్టిక్స్ వాళ్ళు దీన్ని కాంతి సమస్య అంటారు, నేను నోస్ ప్యాడ్ సమస్య అంటాను. మీటింగు మాత్రం ఒక్కటే, ఎప్పటికీ తెమలదు.

ప్రస్తుతానికి రాజీ ఏంటంటే, అయస్కాంతంతో అతుక్కునే ప్యాడ్లు మూడు సైజుల్లో. నాన్నకి నచ్చలేదు. నాకూ అంతంత మాత్రమే. మే నెలలో గుంటూరులో, ఏసీ లేని షెడ్డులో పెట్టి చూద్దామని అడిగాను. ఏసీ గదిలో స్ప్రే కొట్టి చేసే చెమట పరీక్ష మీద నాకు నమ్మకం లేదు. ప్రయాణ ఖర్చుల కాగితం ఇంకా మేనేజరు దగ్గరే ఉంది.